మందు కలపని సిమెంటు

2012 ఎండాకాలంలో మా అమ్మ మోకాలు మార్చడానికి మేడ్చల్‌లో ఒక ఆసుపత్రిలో అంతా కుదిరింది. శామీర్‌పేట దగ్గర హాస్టల్లో ఏళ్ల తరబడి వంట చేసి అరగదీసుకున్న మోకాలది. ఆపరేషన్‌కు ముందు డాక్టరు అందరినీ అడిగే ప్రశ్నే అడిగాడు.

"ఎప్పుడైనా ఏదైనా ఇంజక్షన్ పడలేదా అమ్మా?"

"అసొంటిదేం లేదు సారూ," అంటూనే అమ్మ బల్ల కింద నా తొడ గిల్లింది.

గిల్లకపోతే నాకు గుర్తొచ్చేదే కాదేమో. నా చిన్నప్పుడు మా ఊరు లాల్‌గడి మలక్‌పేట్‌లో సూది వేయించుకుని వచ్చిన అమ్మ, కాసేపటికే మొహమంతా వాచి, ఊపిరాడక గడపలో కూలబడింది. చచ్చిపోతుందనుకున్నాను. అదంతా డాక్టరుకు చెప్పేశాను.

"గిప్పుడు గా ముచ్చట అవసరమా? ఇగ ఆపరేషన్ జెయ్యనంటడు, సూడు," అంది అమ్మ పళ్లు కొరుకుతూ.

కొత్త మోకాలిని ఎముకకు పట్టించడానికి ఒక సిమెంటు వాడతామని డాక్టరు చెప్పాడు. పొడిలో ద్రవం పోసి కలిపితే ముద్దవుతుంది, కొద్ది నిమిషాల్లోనే గట్టిపడుతుంది. చీము పట్టకుండా ఆ పొడిలోనే జెంటామైసిన్ అనే మందు కలిపి ఉంటుందట.

"మాత్ర పడకపోతే మానేస్తాం. సెలైన్ పడకపోతే తీసేస్తాం. ఇది లోపలే ఉండిపోతుంది. ఆ రోజు వేసిన సూది ఏదో కనుక్కుని రండి."

ఆటో ఎక్కి ఊరికి వెళ్లాను. ఆ సూది వేసినాయన పెద్ద చదువు చదివినవాడేం కాదు గానీ ఊరంతటికీ ఆయనే డాక్టరు. ముసలివాడైపోయాడు. నేనెందుకొచ్చానో వినగానే బెదిరిపోయాడు.

"ఎప్పటి ముచ్చటో ఇప్పుడెందుకు బిడ్డా? కేసు గీసు వెడ్తవా ఏంది?"

"కేసు లేదు, గీసు లేదు తాతా. మందు పేరు జెప్పు సాలు. గదే మందు అమ్మ కాల్ల వెడ్తె ఎట్ల?"



"ఏదని జెప్పాలె? పెన్సిలిన్ ఒకటి, జెంటామైసిన్ ఒకటి, రెండు ఒక్క సూదిల్నే కలిపి ఇస్తుంటి. ఒక్క మందు ఏస్తె ఎవలు నమ్మకపోదురు. అందరికి జల్దీ తగ్గాలె."

నాకు ఒళ్లు మండింది. ఆయన మీదే కాదు, రెండు మందుల సూదే కావాలని పట్టుబట్టిన మా ఊరి మీద కూడా. ఆ రెండింట్లో అమ్మకు పడనిది ఏదో ఇక ఎవరూ చెప్పలేరు.

డాక్టరు మందు కలపని సిమెంటే వాడాడు. ఆపరేషన్ బాగానే జరిగింది. కానీ ఇంటికి పంపిస్తూ, చీము పట్టే భయం కాస్త ఎక్కువేనని అన్నాడు. "మోకాలు కొన్నాళ్లు వెచ్చగానే ఉంటుంది. మరీ వేడెక్కితే మాత్రం వెంటనే తీసుకురండి."

మరీ అంటే ఎంత? అదే నాకు తెలియలేదు. రోజూ సాయంత్రం పని నుంచి రాగానే కాళ్లు కడుక్కుని, అమ్మ రెండు మోకాళ్ల మీద రెండు చేతులు వేసి పోల్చి చూసేదాన్ని. ఒక్కోసారి నా చెయ్యే వేడిగా ఉందేమోనని చన్నీళ్లలో ముంచి మళ్లీ చూసేదాన్ని. అమ్మకు ఇదంతా వేళాకోళం. చూడటానికి వచ్చినవాళ్లందరికీ చెప్పేది: "అందరికి మందు గలిపిన సిమెంటు, నాకు ఉత్త సిమెంటు. నా బిడ్డ నోరు ఊకుండదు మరి."

ఒకరోజు కరీంనగర్ రోడ్డు మీద బస్సు చెడిపోయి ఇల్లు చేరేసరికి బాగా ఆలస్యమైంది. ఈపాటికి అమ్మ నిద్రపోయి ఉంటుందనుకుంటూ తలుపు తోశాను. మంచం మీద, చీర మోకాళ్ల పైదాకా జరుపుకుని కూర్చుని ఉంది.

"గింత ఆలస్యమా? సూడు, జల్దీ సూడు."

చెప్పులు కూడా విడవకుండా వెళ్లి చేతులు వేశాను. నిన్న ఎలా ఉందో అలాగే ఉంది.

"ఏం లేదమ్మా, మంచిగనే ఉంది."

అమ్మ నా చెయ్యి తియ్యనివ్వలేదు.

"మల్లొకసారి సూడు బిడ్డా," అంది.