మరియమ్మ మరణవార్తలో నేను వేసిన వాక్యం

1979 వేసవి. వరంగల్‌లో స్టేషన్ రోడ్డు వెనుక సందులో నాకొక చిన్న ప్రెస్సు ఉండేది. ఒక ట్రెడిల్ మిషను, అంటే కాలితో తొక్కుతూ చేత్తో ఒక్కొక్క కాగితం పెట్టి తీసే అచ్చు యంత్రం, నాలుగు టైపు కేసులు, ఒక కోత కత్తి. అంతే ఆస్తి. నేను ఐదో తరగతి దాటలేదు. నాకు చదువు చెప్పింది ఆ సీసపు అక్షరాలే. అద్దంలో చూసినట్టు తిరగేసి ఉండే టైపును ఏరి కంపోజింగ్ స్టిక్కులో, అంటే అక్షరాలు వరుసగా పేర్చే ఇనుప పట్టీలో పేర్చుతూ, పేర్చింది చదువుతూ, చదివినదాని మీద కస్టమర్లతో పోట్లాడుతూ నేర్చుకున్నాను. జాతర పోస్టర్లు, దర్గా ఉర్సు కరపత్రాలు, చర్చి పెళ్లికార్డులు అన్నీ వేశాను. ఎవరి దేవుడి గురించి ఎవరేమంటారో కొద్దోగొప్పో తెలుసు.

ఇది ఇప్పుడెందుకు రాస్తున్నానంటే, మొన్న ఒక సభలో బాగా చదువుకున్న పెద్దమనిషి లేచి, క్రైస్తవుల్లో చిన్న చిన్న సంఘాలు పెట్టుకున్నవాళ్లంతా తలతిక్క మనుషులని, పెద్ద చర్చిలో చోటు దొరకక బయటికి పోయినవాళ్లని ఒక్క మాటలో తేల్చేశాడు. అందరూ నవ్వారు. నాకు ఒళ్లు మండింది. అలాంటి సంఘం మనిషిని ఆయన ఒక్కణ్ణయినా దగ్గరగా చూశాడా?

నేను చూశాను. నేను చూసిన మనిషి పేరు యాకోబు. కొత్తవాడలో జంపఖానాలు నేసేవాడు. పెద్ద చర్చిలో పుట్టి పెరిగినవాడే. బైబిలు తనంతట తాను చదువుకుని, చర్చిలో చెప్పేదానికీ తాను చదివినదానికీ పొంతన కుదరడం లేదని పదేళ్ల కిందట బయటికి వచ్చాడు. వెంట పదకొండు ఇళ్లవాళ్లు వచ్చారు. వాళ్ల సంఘానికి పేరు లేదు. "పేరు పెడితే గోడ పెట్టినట్టే అన్నా" అనేవాడు. ఊళ్లో మాత్రం వాళ్లను వెక్కిరింతగా నిద్ర సంఘపోళ్లు అనేవారు.

ఆ వెక్కిరింత ఎందుకో చెప్పాలి. మామూలు చర్చిలో, మనిషి చనిపోగానే ఆత్మ ప్రభువు దగ్గరికి పోతుందని చెబుతారు. యాకోబు వాళ్లు కాదంటారు. చనిపోయినవాడు నిద్రపోతాడు, వాడికి ఏమీ తెలియదు, పునరుత్థాన దినాన ప్రభువు పిలిచినప్పుడే లేస్తాడు, అంతవరకు పరలోకంలో మన మనిషి ఒక్కరూ లేరు అంటారు. నరకంలో ఎప్పటికీ కాలుతూ ఉండడమన్నదీ లేదట, దుర్మార్గుడు ఆరిపోతాడట, అంతేనట. చర్చివాళ్లు తండ్రి, కుమారుడు, పరిశుద్ధాత్మ కలిసి ఒకే దేవుడంటే, వీళ్లు తండ్రి ఒక్కడే దేవుడు, యేసు ఆయన కుమారుడు అంటారు. ఇళ్లలో సిలువ గుర్తు పెట్టరు. క్రిస్మస్ చేయరు. పసిపిల్లలకు బాప్తిస్మం ఇవ్వరు. జీతానికి పాస్టరు లేడు. మగ్గం మీదినుంచి లేచి వచ్చినవాడే వాక్యం చెబుతాడు. ఇవన్నీ నేను వాళ్ల కరపత్రాలు కంపోజ్ చేస్తూ తెలుసుకున్నవే.

ఒకసారి నేను ఊరుకోలేక అడిగాను. "యాకోబూ, సచ్చినోళ్లకు ఏం తెల్వదంటవ్. మరి పెత్రమాసనాడు మా పెద్దల పేరు మీద నేనిచ్చే బియ్యం ఎవలు తింటాండ్రే?"

"ఇంకెవలు, తీస్కపోయిన అయ్యగారే" అన్నాడు తడుముకోకుండా.

నాకు కోపం వచ్చింది. తర్వాత నవ్వూ వచ్చింది. ఎదుటివాడి నమ్మకాన్ని తప్పనడానికి వెనకాడడు, కానీ ఒక్కనాడు వెక్కిరించలేదు. ప్రూఫు, అంటే తప్పులు చూడడానికి ముందుగా తీసే కాగితం, ఇస్తే వేలు పెట్టి మూడుసార్లు చదివేవాడు. "మాట ఒకసారి అచ్చయినంక నాది కాదు అనలేం గదన్నా" అనేవాడు.

ఆయన భార్య మరియమ్మ. మగ్గానికి నూలు సిద్ధం చేస్తూ ఆసు పోసేది, కండెలు చుట్టేది. వాళ్లకొక్కతే కూతురు, కరుణ. ఆరేళ్లప్పుడు జ్వరమొచ్చి పోయింది. అప్పటికి వాళ్లింకా చర్చిలోనే ఉన్నారు కాబట్టి పిల్లను చర్చివాళ్ల సమాధుల తోటలో, వెనుక గోడ వెంబడి పెట్టారు. ఆ ఏడు వేసవిలో మరియమ్మ దవాఖాన నుంచి ఇక లాభం లేదనిపించుకుని ఇంటికొచ్చాక భర్తను ఒకే ఒక్క కోరిక కోరింది. నన్ను పిల్ల పక్కన పండుకోబెట్టు అని.

యాకోబు ఆ మాట నాకు చెబుతుంటే నేను వాదించాను. "సచ్చినోళ్లకు ఏం తెల్వదంటిరి గదా. మరి యాడ పెడితేంది?"

"పండుకున్నప్పుడు తెల్వదన్నా. లేసేటప్పుడు తెలుస్తది" అన్నాడు. "పిల్ల ఆరేండ్లది. ఒక్కతే లేస్తే భయపడదా? లేవంగనే అమ్మ కనపడాలంటాంది."

ఆత్మ ఎప్పుడో పైకి పోయిందనుకునేవాడికి సమాధి ఎక్కడున్నా ఒకటే. అక్కడినుంచే లేవాలని నిజంగా నమ్మినవాళ్లకు ఆ జాగానే సర్వస్వం.

కానీ తోట తాళం చర్చి కమిటీ సెక్రటరీ దగ్గర ఉంది. ఆయన రిటైరైన టీచరు. అందరూ సెక్రటరీ సారనేవారు. సంఘం విడిచినవాళ్లకు లోపల చోటు లేదన్నది కమిటీ నిబంధన. యాకోబు పోయి అడిగితే, "నీ బోధ తప్పని ఒక్క ముక్క కాగితం మీద రాసియ్యి, గేటు తీయిస్త" అన్నాడట. యాకోబు రాసివ్వలేదు.

తర్వాత వారానికే ఒక పొద్దున నేను ప్రెస్సు తలుపు తీస్తుంటే యాకోబు మెట్ల మీద కూర్చుని ఉన్నాడు.

"మరియమ్మ నిద్రపోయిందన్నా. నలభై చీటీలు కావాలె. పొద్దటి బస్సులకు అందియ్యాలె."

అప్పట్లో ఫోన్లెక్కడివి? చావు కబురు చీటీలు అచ్చువేసి బస్సు కండక్టర్ల చేతికిస్తే ఊళ్లకు చేరేవి. చావు పని ఆగదు కాబట్టి ప్రతి ప్రెస్సులోనూ ఆ చీటీ స్టాండింగ్ మ్యాటరుగా ఉండేది. అంటే కంపోజ్ చేసిన అక్షరాలను విప్పి కేసులో వేయకుండా తాడు కట్టి అలాగే దాచి ఉంచడం. వచ్చిన ప్రతిసారీ పేరు, వయసు, వేళ మాత్రం మారుస్తాం. నా దగ్గర క్రైస్తవులకొకటి, హిందువులకొకటి ఉండేవి.

నేను క్రైస్తవులది బయటికి తీశాను. పైన సిలువ బ్లాకు ఉంది. వీళ్లకు సిలువ పనికిరాదని గుర్తొచ్చి దాన్ని ఊడదీసి, దాని చోట ఒక గీత పెట్టాను. ఎంత జాగ్రత్త మనిషినో చూడు అని నన్ను నేనే మెచ్చుకున్నాను కూడా. పేరు మార్చాను, వయసు మార్చాను, సాయంత్రం నాలుగు గంటలకు భూస్థాపన అని మార్చాను. ప్రూఫు తీసి ఇచ్చాను. ఆయన దాన్ని పట్టుకున్నాడు గానీ కళ్లు అందులో లేవు.

"నువ్వేసినవంటే మంచిగనే ఉంటది. కానియ్యన్నా" అన్నాడు.

మూడుసార్లు చదివే మనిషి ఆరోజు ఒక్కసారీ చదవలేదు. చదవాల్సినవాణ్ణి నేను. చదవలేదు. నలభై చీటీలూ తొక్కి ఇచ్చాను.

మధ్యాహ్నం నేను కొత్తవాడ చేరేసరికి ఇంటి ముందు జనం గుమిగూడి ఉన్నారు. పక్క మగ్గం రత్నం చర్చి మనిషి. అయినా యాకోబుతో పదేళ్లుగా ఒకే షెడ్డులో నేస్తున్నవాడు. సెక్రటరీ సారును మళ్లీ బతిమాలడానికి చేతిలో చీటీతో పోయి, మొహం వెలిగిపోతూ తిరిగొచ్చాడు.

"సారు ఒప్పుకున్నడు! గేటు తీస్తాండు! తోట కావలి పోచయ్యకు గుంత తవ్వమని కూడ చెప్పిండు, పిల్ల పక్కకే!"

యాకోబు రెండు చేతులతో మొహం కప్పుకుని ఏడ్చాడు. ఆ పొద్దుటినుంచి అదే మొదటిసారి ఏడవడమని అక్కడున్నవాళ్లు చెప్పారు. సారు మనసు ఎందుకు మారిందని ఎవరూ అడగలేదు.

పాడె మోసినవాళ్లలో చర్చివాళ్లూ ఉన్నారు, మా పద్మశాలీలూ ఉన్నారు. తోట గేటు దగ్గర సెక్రటరీ సారు తెల్ల చొక్కా వేసుకుని తాళంచెవితో నిలబడి ఉన్నాడు. కమిటీవాళ్లు నలుగురు వెనక ఉన్నారు. తాళం తీసేముందు ఆయన జేబులోంచి నా చీటీ తీసి, అందరికీ వినబడేలా చదివాడు.

"శ్రీమతి మరియమ్మ గారు ఈ ఉదయం పరలోక మహిమలో ప్రవేశించిరని తెలియజేయుటకు చింతించుచున్నాము." చదివి, "ఇగో, అందరు వినుండ్రి. యాకోబు అచ్చువేసి ఒప్పుకున్నడు. ఇగ మనకు అభ్యంతరం లేదు" అన్నాడు.

సిలువ ఊడదీశాను. వాక్యాన్ని వదిలేశాను. పదేళ్లు ఆ మనిషి ఏ మాట నిజం కాదని చెప్పి వెలి అనిపించుకున్నాడో, సరిగ్గా ఆ మాటనే ఆయన భార్య పేరు కింద వేశాను.

యాకోబు చీటీ అడిగి తీసుకున్నాడు. ఈసారి వేలు పెట్టి చదివాడు. తల ఎత్తి నావైపు చూశాడు. ఆ చూపులో కోపం ఉంటే నాకు బాగుండేది. లేదు.

రత్నం పాడె కిందినుంచే గుసగుసగా అన్నాడు. "ఊకో యాకోబు. నీ కాల్మొక్త, ఒక్క నిమిషం ఊకో. తాళం తీయనీ."

నేనూ లోపల అదే మొక్కుకుంటున్నాను.

"సారూ, గీ మాట నాది కాదు" అన్నాడు యాకోబు.

"తప్పు నాది సారూ!" అని నేను ముందుకురికాను. "పాత మ్యాటరు తీసి ఏసిన. ఆయనకు తెల్వది. తప్పు ప్రెస్సోనిది, గేటెందుకు మూస్తరు? ఆరేండ్ల పిల్ల పక్కన తల్లిని పెట్టనీకి గింత పంచాయితా?" అని ఇంకా చాలా అన్నాను. అవన్నీ ఇక్కడ రాయదగ్గవి కావు. యాకోబే నా భుజం పట్టుకుని వెనక్కి లాగాడు.

సెక్రటరీ సారు చెడ్డవాడని నేననను. గొంతు తగ్గించి, దగ్గరికొచ్చి అన్నాడు. "యాకోబు, నేను నీకు దారి ఇస్తున్న. ఎవరు వేస్తే ఏంది, మాట అచ్చుల పడ్డది. నువ్వు కాదనకు, చాలు. నువ్వు ఔననేది కూడ లేదు."

"ఆమె పరలోకంల ఉన్నదని మీరు గేటు తీస్తాండ్రు" అన్నాడు యాకోబు. "ఆమె గీ పాడె మీదనే ఉన్నది సారూ. నిద్రపోతాంది. నిన్న పొద్దుగూకె దాక గదే చెప్పింది. ఇయ్యాల ఆమెకు నోరు లేదు గదాని, ఆమె పేరు మీద నేను వేరే మాట నిలబెట్టనా? లేసినంక నా మొహం చూస్తదా?"

సెక్రటరీ సారు తాళంచెవిని జేబులో వేసుకున్నాడు. కమిటీవాళ్లు పక్కకు తప్పుకున్నారు. పాడె ఎటు తిప్పాలో తెలియక మోసేవాళ్లు ఎండలో అలాగే నిలబడ్డారు.

అప్పుడు లోపలినుంచి చప్పుడు వినబడింది. ఠంగ్, ఠంగ్ అని రాతి మీద గడ్డపార కొట్టిన చప్పుడు. కావలి పోచయ్య, గేటు అవతల అంతా వింటున్నవాడు, దాన్ని తీసే అధికారం లేనివాడు, వెనుక గోడ దగ్గరికి పోయి కరుణ సమాధి తలాపున గోడను కొడుతున్నాడు. కేకేశాడు. "యాకోబన్నా! పిల్ల ఇక్కడున్నది! చప్పుడు పట్టుకొని రాండ్రి!"

గోడ అవతల సర్కారు జాగా. తుమ్మచెట్లు, రాళ్లు. మేమందరం చుట్టూ తిరిగి అటు పోయాం. గోడకు చెవి పెట్టి, చప్పుడు ఎక్కడ గట్టిగా వస్తోందో అక్కడ రత్నం గడ్డపార దింపాడు. చర్చివాళ్లు తవ్వారు, శాలీలు తవ్వారు, నేనూ తవ్వాను. లోపల పోచయ్య చప్పుడు ఆపలేదు. గోడకు ఎంత దగ్గరగా పెట్టగలమో అంత దగ్గరగా పెట్టాం. కాసేపటికి సెక్రటరీ సారు ఒక్కడే, కమిటీవాళ్లు లేకుండా, తుమ్మచెట్ల దాకా వచ్చి దూరంగా చెప్పులు విడిచి నిలబడ్డాడు.

మట్టి కప్పాక నేను యాకోబు దగ్గర నోరు తెరవబోయాను. మధ్యలో గోడ నా వల్లే వచ్చిందని చెప్పాలని. ఆయన నన్ను మాట్లాడనివ్వలేదు.

"మూడు మూరలున్నదన్నా నడుమ" అన్నాడు, గోడ మందాన్ని, సమాధి దూరాన్ని నేతగాడి కళ్లతో కొలిచి. "ప్రభువు పిలిచిననాడు గీ గోడొక లెక్కా?"

మర్నాడు ప్రెస్సుకొచ్చాడు. నలభై చీటీలు మళ్లీ వేయమన్నాడు, "నిద్రించినది" అని. ఎందుకన్నాను. కబురు అందరికీ చేరింది, భూస్థాపన అయిపోయింది కదా అన్నాను. తప్పు మాట ఏ ఊళ్లకు పోయిందో ఆ ఊళ్లన్నీ తిరిగి, పాతది తీసుకుని కొత్తది ఇచ్చొస్తానన్నాడు. కింద 'మొదటి చీటీలోని తప్పు ప్రెస్సువారిది' అని వేస్తానంటే ఒప్పుకోలేదు.

"నేను చదువకుంటనే కానియ్యమన్న. అది నా తప్పు. నువ్వు చదువకుంట ఏసినవ్. అది నీ తప్పు. ఎవలది వాళ్లం మోసుకుందాం" అన్నాడు.

నాలుగు రోజులు తిరిగాడు. ఎనుమాముల నుంచి అవతలి ఊళ్లదాకా, బస్సున్నచోట బస్సు, లేనిచోట కాలినడక.

చనిపోయినవాళ్లు నిద్రలో ఉన్నారో, పరలోకంలో ఉన్నారో, మా పెద్దల్లా పెత్రమాస బియ్యం కోసం చూస్తున్నారో నాకు తెలియదు. వాళ్లందరి మాటలూ అచ్చువేశాను, ఏదీ తేల్చుకోలేకపోయాను. పదకొండు ఇళ్ల సంఘమని నవ్వే పెద్దమనుషులు తేల్చుకున్నారేమో, వాళ్లనే అడగండి. నా మటుకు నేను, ఆ తర్వాత ప్రెస్సు మూసేదాకా, చీటీని ఇంటివాళ్ల ముందు గట్టిగా చదివి వినిపించకుండా మిషను తొక్కలేదు. మరియమ్మ పోయేనాటికి నేను పనిలో దిగి ఇరవై ఏళ్లు. ఒక మనిషి పేరు కింద మాట పెట్టడమంటే ఏమిటో మాత్రం ఆ వారమే నేర్చుకున్నాను.