రెట్టింపు రేటు మనిషి

ఆ రవాణా కంపెనీలో అందరూ ఆయన్ని కాటా మాస్టారనేవారు. చేరినప్పుడు ఆయన లారీలు తూచే కాటా గదిలో గుమాస్తా. పాతపుస్తకాల కొట్లో అట్ట ఊడిన ప్రోగ్రామింగ్ పుస్తకం ఒకటి కొని, భోజనాల వేళ చదివి, తప్పులు చేసి, తిట్లు తిని, చివరికి తూకం నుంచి బిల్లు దాకా నడిపే సాఫ్ట్‌వేర్ ఒంటిచేత్తో రాశాడు. పదిహేనేళ్ళుగా కంపెనీ దానిమీదే నడుస్తోంది.

ఇప్పుడది పాతబడింది. తిరగరాస్తామని రెండు టీములు ముందుకొచ్చాయి. ఒకటి సముద్రాల అవతలిది. చవక, కానీ మనం పనిలోకి దిగేసరికి వాళ్ళు నిద్రకి పోతారు. రెండోది పక్కదేశానిది. అక్కడా ఇక్కడా గడియారం ఒకటే, రైలెక్కితే నాలుగు గంటలు. రేటు మాత్రం రెట్టింపు.

"రెట్టింపుకి తగ్గ సరుకుందో లేదో నువ్వే తేల్చు మాస్టారూ. నీ మాట మీదే సంతకం పెడతా," అన్నాడు యజమాని. అక్కడితో ఆగితే బాగుండేది. "ఆ పక్కదేశం లీడరుతో మాట్లాడాను. ఏం చురుకయ్యా ఆవిడది! చెప్పింది మళ్ళీ చెప్పించుకోదు."

పదిహేనేళ్ళలో తన గురించి ఆ నోట అలాంటి మాట ఒక్కటి రాలేదు. మాస్టారు ఇంటికెళ్ళి చెప్పులు విసిరినట్టు విడిచాడు.

"ఆవిణ్ణి చూశారా?" అడిగింది భార్య, సంగతంతా విని.

"ఇంకా లేదు."

"చూడకుండానే ఇంత కుళ్ళా! చూశాక కుళ్ళుకోడానికి ఏమైనా మిగుల్చుకోండి."

"కుళ్ళు కాదు, జాగ్రత్త."

"అయితే మీ జాగ్రత్తకి కాసిని చల్లటి నీళ్ళు పట్టించండి. మొహం ఎర్రబడింది."

రెండు టీములకీ పరీక్షగా ఒకే పని ఇచ్చారు: పాత నమోదుల నుంచి ఒక నెల బిల్లు తయారు చేయడం. పని వివరం రాసింది మాస్టారే. అందులో ఒక్క విషయం మింగేశాడు. తూకం పూర్తికాకుండా లారీ వేరే షెడ్డుకి వెళ్తే, కాటా గదిలో బరువు చోట 999 కొడతారు. అంత తక్కువ బరువున్న లారీ ఎక్కడా ఉండదు కాబట్టి సాఫ్ట్‌వేర్ దాన్ని పక్కన పెట్టి, అసలు బరువు వచ్చేదాకా బిల్లు వేయదు. ఈ సంగతి మాస్టారికి, కాటా గదికి తప్ప ఎవరికీ తెలియదు. రెట్టింపు రేటు మనిషి ఇక్కడ బోర్లాపడుతుందని ఆయన ఆశ.

చవక టీము ఏమీ అడగలేదు. మూడో రోజే బిల్లు పంపింది. 999 కిలోలకి కూడా చక్కగా డబ్బు లెక్కకట్టింది.

పక్కదేశం లీడరు రైలు దిగి నేరుగా ఆఫీసుకొచ్చింది. మాస్టారు కాగితాలిచ్చి కుర్చీ చూపించాడు. ఆవిడ కూర్చోలేదు.

"లారీలు ఎక్కడ తూస్తారండీ?"

రెండు రోజులు కాటా గదిలోనే ఉంది. అక్కడ తూకం చూసే ముసలాయన చలికీ ఎండకీ చేతి తొడుగులు తియ్యడు. గ్లౌజుల బాబాయి అంటారు. మాస్టారు పలకరిస్తే మూలిగినట్టు బదులిచ్చే మనిషి, ఆవిడకి తన స్టూలిచ్చి నిలబడి నవ్వుతున్నాడు. కిటికీలోంచి అది చూసిన మాస్టారికి ఆ పూట అన్నం సయించలేదు.

రెండో సాయంత్రం ఆవిడ వచ్చింది. "మీ కాగితాల్లో ఈ 999 గురించి లేదు మాస్టారూ."

"మర్చిపోయాను," అన్నాడు, కళ్ళు కలపకుండా.

"మొదట చెత్త అనుకుని తీసెయ్యబోయాను. బాబాయిని అడిగితే చెప్పాడు. తొమ్మిదే ఎందుకని అడిగితే చేతి తొడుగు చూపించాడు. తొమ్మిది మీట మూలనుంది కదా, లావు వేలితో చూడకుండా కొట్టినా గురి తప్పదట. ఇది ఆలోచించినవాళ్ళు ఎవరోగానీ, ఆ గదిలో కూర్చుని పనిచేసినవాళ్ళే. కొత్తదాంట్లోనూ అలాగే ఉంచుతాను."

పదిహేనేళ్ళు ఎదురుచూసిన మెప్పు, వినకూడదనుకున్న నోటి నుంచి వచ్చింది. దానితో మంట తగ్గకపోగా పెరిగింది. ఆ ఉపాయం తట్టడానికి తనకి మూడేళ్ళు పట్టింది. మొదట తెరమీద బటన్ పెట్టాడు, ఎవరూ నొక్కలేదు. తరవాత ఒక గుర్తు పెట్టాడు, ఎవరికీ గుర్తుండలేదు.

మర్నాడు ఆవిడ బిల్లుతోపాటు పంపిన కోడ్ తెరిచి, తప్పు దొరక్కపోతుందా అని పూటంతా వెతికాడు. ఒకచోట దొరికిందనుకుని సంబరపడ్డాడు. మళ్ళీ చదివితే, తాను చేసేదానికంటే అదే తిన్నగా ఉంది. తెర మూసి, నివేదిక మొదలుపెట్టాడు.

'రెట్టింపుకి తగ్గ తేడా కనిపించలేదు' అని రాశాడు. చదువుకున్నాడు. బాగా చేసిన పనిని బాగాలేదనడం ఆయన చేతికి అలవాటు లేదు. చెరిపేశాడు.

'చవక టీము 999ని తూకమనుకుంది. తప్పు వాళ్ళది కాదు. ఆ సంగతి నేను కావాలనే రాయలేదు. పక్కదేశం టీము రాయనిదాన్ని వచ్చి చూసి తెలుసుకుంది. నాకు మూడేళ్ళు పట్టినది ఆవిడకి రెండు రోజుల్లో తెలిసింది. రెట్టింపు ఇవ్వడం సబబు.'

మనసు మారేలోపు పంపేశాడు.

పావుగంటలో యజమాని పిలిచాడు. "కావాలనే అంటే ఏమిటయ్యా?"

"కుళ్ళుకున్నానండీ."

యజమాని ఒప్పందం కాగితాలు ముందుకి లాక్కున్నాడు. "మరి ఇప్పుడు తగ్గిందా?"

"లేదండీ," అన్నాడు మాస్టారు. "మీరు సంతకం పెట్టండి."