అక్క అరుగు మీద నేను

రాజాంలో నాకు చిన్న కుట్టు దుకాణం ఉంది. జాకెట్టు మెడల డిజైన్లు వీడియో తీసి పెట్టడం మొదలుపెట్టిన కొత్తలో వాటిని చూసే దిక్కుండేది కాదు. మా దుకాణానికి వచ్చే ఒకావిడ జాలిపడి నన్ను ఓ గ్రూపులో చేర్చింది. అంతా మా చుట్టుపక్కల రెండు జిల్లాల ఆడవాళ్లే. ముగ్గులు, వంటలు, భజనలు, ఎవరి వీడియోలు వాళ్లవి. ఎవరు ఏం పెట్టినా మిగతావాళ్లు వెంటనే లైక్ కొట్టి ఓ మంచి మాట రాయాలి.

"అంతా సూడక్కర్నేదమ్మా, నొక్కితే సాలు" అని చేర్చినావిడే ధైర్యం చెప్పింది.

అలాగే నొక్కేదాన్ని. కుట్టు మిషన్ తొక్కుతూనే, స్క్రీన్ వైపు చూడకుండానే.

ఆ గ్రూపులో శ్రీముఖలింగం పక్క పల్లె నుంచి ఒక అక్క ఉండేది. పెరట్లో కట్టెల పొయ్యి మీద వంటలు చేసి చూపించేది. నా ప్రతి వీడియో కిందా మొదటి మాట ఆవిడదే. ఎప్పుడూ కలవలేదు గానీ, ఆ మాట కనబడకపోతే నాకు ఏదో వెలితిగా ఉండేది.

కార్తీకమాసంలో ముఖలింగేశ్వరుడి దర్శనానికి వెళ్లాను. ఆ పొద్దున కూడా అక్క వీడియో వచ్చింది, నేను నొక్కాను. ఇంత దూరం వచ్చాను కదా, పలకరించి వెళదామని ఆ పల్లెకు ఆటో ఎక్కాను. దిగినచోట కిరాణా కొట్టావిడకు వీడియో చూపించి ఇల్లడిగాను.

ఆవిడ ఫోన్ వంక చూసింది, తర్వాత నా వంక చూసింది.

"ఈ పిల్లా? ఇది జొరమొచ్చి సచ్చిపోయి శానాళ్లయినాది గదమ్మా."

"పొద్దున్నేగా వీడియో ఎట్టింది!"

ఆవిడ వీధి చివరి పెంకుటింటి వైపు చెయ్యి చూపించింది.

అరుగు మీద ఒక ముసలావిడ గోడకు ఆనుకుని కూర్చుంది. ఒళ్లో ఫోనుంది. అందులోంచి నా గొంతే వినిపిస్తోంది, గుండ్రటి మెడకు పైపింగు ఎలా వెయ్యాలో చెబుతూ. నేను "పెద్దమ్మా" అనగానే ఆవిడ కళ్లు మూసుకుని తలూపింది.

"రాజాం పిల్లవి గదే? గొంతు తెలుస్తాది. రా, కూకో."

ఆవిడ అక్కకు అత్తగారు. కోడలు మంచాన పడ్డప్పుడు ఎక్కడ నొక్కాలో నేర్పిందట. వీడియోల కింద పెట్టే మాటలు కూడా ముందే రాసి దాచిందట, వేలు పెడితే పడిపోతాయి.

"ఎవుల్నీ వదలొద్దత్తా, మనం సూడకపోతే మనల్ని సూడరు అన్నాది. మరి నానే నొక్కుతన్నాను. దాని పాత వంటలే మల్లీ మల్లీ ఎడతన్నాను."

"మాకెవులికీ సెప్పనేదేం పెద్దమ్మా?"

"ఏటని సెప్పను? రోజూ అక్క బాగున్నాది, అక్క బాగున్నాది అని మీరే అంటన్నారు. బాగోనేదని నానెలా సెప్పగలను?"

నేను లేవబోయాను. పెద్దమ్మ తినకుండా వెళ్లనివ్వలేదు. అరుగు మీదే పీట వేసి అన్నం, ఆనపకాయ పులుసు పెట్టింది. నేను తింటున్నంతసేపూ ఫోన్ ఎత్తి పట్టుకుని ఉంది. చూపు సరిగా ఆనక అలా పట్టుకుందనుకున్నాను.

తిరుగు బస్సులో గ్రూపు మోగింది. అక్క కొత్త వీడియో. అలవాటు కొద్దీ నొక్కేశాను. ఇల్లు చేరాక చూస్తే దాని కింద అప్పటికే బోలెడు మాటలున్నాయి. "అక్కా, మెరిసిపోతున్నావ్." "చీర భలే ఉంది అక్కా." "కొంచెం ఒళ్లు చేశావ్, బాగున్నావ్."

తెరిచాను. అందులో ఉన్నది నేను. అన్నం కలుపుకుంటున్నాను.

వెంటనే గ్రూపులో రాశాను: "ఆ వీడియోలో ఉన్నది నేను. అక్క చనిపోయింది."

చూస్తుండగానే దాని కింద లైకులు పడ్డాయి. "సూపర్." "అదిరింది." మరో "సూపర్."

నన్ను గ్రూపులో చేర్చినావిడకు ఫోన్ చేశాను. సంగతి చెప్పాను. "నిజమేనేటే?" అంది ఆవిడ. "నానూ నొక్కేసినాను. సదవనేదే."

ఆ సాయంత్రమే గ్రూపులోంచి బయటికొచ్చేశాను. తర్వాత ఆ వీడియోను కూర్చుని చివరిదాకా చూశాను. ఆ గ్రూపులో వచ్చిన ఒక వీడియో పూర్తిగా చూడటం నాకదే మొదలు. తినడం అయ్యాక నేను చెయ్యి కడుక్కోవడానికి పెరట్లోకి వెళ్లాను. ఫోన్ మాత్రం కదల్లేదు. ఖాళీ పీట, ఎంగిలి కంచం అలా కనబడుతూనే ఉన్నాయి. ఫోన్ వెనకనుంచి ముసలావిడ గొంతు మెల్లగా, బుజ్జగిస్తున్నట్టు వినబడింది.

"ఇంకాసింత ఎయ్యమంటావేటే కోడలా?"

ఫోన్ ఆ ఖాళీ పీట వైపే పట్టుకుని, జవాబు కోసం ఆగింది.