గురువారం ఇచ్చేస్తాను

డెల్ఫీన్ బోద్రీ చేతికి ఏదైనా వస్తువు ఇచ్చారంటే దాని మీద ఆశ వదులుకోవలసిందే. మంచి మనిషి, చదువుకున్న మనిషి, నెలనెలా సర్కారు జీతం తీసుకునే మనిషి. అయినా కనబడ్డవాళ్లనల్లా ఏదో ఒకటి అరువు అడగనిదే ఆమెకు పొద్దు గడవదు. నిచ్చెన, పార, లాంతరు, రొట్టెల పెనం, ఏదైనా సరే. "ఎప్పుడిస్తావమ్మా?" అంటే ఒకటే జవాబు: "గురువారం ఇచ్చేస్తాను." ఏ గురువారమో మాత్రం చెప్పేది కాదు.

మా ఊళ్లో మాజీ సైనికుల క్లినిక్ ఒకటి ఉంది. షుగరు, బీపీ, మోకాళ్ల నొప్పులు చూపించుకోవడానికి ముసలాళ్లందరూ గురువారాలు అక్కడికే పోతారు. బరువు చూసే మిషనుకూ, రక్తం తీసే గదికీ మధ్య ఉన్న చిన్న గది డెల్ఫీన్‌ది. డాక్టరుగారికి ఎవరి మొహమైనా బాగాలేదనిపిస్తే గోడ మీద రెండుసార్లు తట్టేవాడు. ఆమె వచ్చేది. మనసు బాగోగులు చూసే సోషల్ వర్కరు గనక "మీ మనసెలా ఉంది?" అని అడుగుతుందనుకుంటాం కదా. ఆమె అడిగేది ఇదీ: "మీ ఇంట్లో నిచ్చెన ఉందా?"

"కాలు నొప్పని వెళ్లానే సైమా," అన్నాడు మా ఎదురింటి ఆర్వో ఒకసారి, మా గుమ్మంలో నిలబడి మంచు దులుపుకుంటూ. "కాలు నొప్పి అలాగే ఉంది. మంచు పార మాత్రం పోయింది."

"ఎందుకిచ్చావు మరి?"

"లేదని ఎలా చెప్పనూ?"

నిజమే. మా వైపు సంవత్సరంలో సగం మంచే. పక్కింటివాడి పార లేకపోతే మన గుమ్మం తెరుచుకోదు. అరువడిగితే లేదన్నవాడి ఇంట్లో కాఫీ కూడా తాగరు ఎవరూ. ఈ సంగతి కనిపెట్టింది డెల్ఫీన్. పైగా తిరిగి ఇచ్చేటప్పుడు ఏ వస్తువూ పూర్తిగా ఇచ్చేది కాదు. ఫ్లాస్కు ఇస్తే మూత ఉండేది కాదు. గొడ్డలి ఇస్తే దాని తోలు తొడుగు ఉండేది కాదు. "అయ్యో, ఇంట్లో మరిచిపోయాను. గురువారం రండి, ఇచ్చేస్తాను."

ఎరువుల సొమ్ము బరువుల చేటంటారు. ఆమె చిన్న కారు వెనక సీటు చూసినవాళ్లెవరైనా ఆ మాట నమ్ముతారు. గాడిదకైనా అంత బరువు ఎత్తరు.

ఇక మా ఆయన తౌనో సంగతి. ఆయనకు పనిముట్లంటే ప్రాణం. షెడ్డు గోడ మీద ప్రతి పనిముట్టు చుట్టూ ఎర్ర రంగుతో గీత గీసుకున్నాడు. సుత్తి తీస్తే గోడ మీద సుత్తి ఆకారం ఖాళీగా కనబడుతుంది. ఆ ఖాళీ కనబడితే ఆయనకు అన్నం సయించదు. నేనొకసారి స్క్రూడ్రైవరు వంటింట్లో మరిచిపోయాను. రెండు రోజులు నాతో మాట్లాడలేదు. ఆ రెండు రోజులూ నాకు తేడా తెలియలేదనుకోండి, ఆయన మామూలుగా కూడా మాట్లాడేవాడు కాదు.

కానీ ఒక వసంతంలో ఆయన చిన్ననాటి స్నేహితుడు ఉర్హో పోయాడు. ఇద్దరూ ఒకే పడవలో చేపలు పట్టారు, ఒకే యుద్ధానికి వెళ్లారు, ప్రతి నవంబరూ ఒకే గుడిసెలో కూర్చుని జింకల కోసం కాచుకున్నారు. ఉర్హోను మట్టి చేసి వచ్చాక తౌనో మాట్లాడకపోవడం వేరే రకంగా మారింది. మునుపటి మౌనంలో మనిషి ఉండేవాడు. ఇప్పుడు కుర్చీలో కోటు వేలాడేసినట్టు ఉండేవాడు.

షుగరు చూపించుకోవడానికి నేనే బలవంతాన క్లినిక్‌కు లాక్కెళ్లాను. డాక్టరుగారు ఆయన మొహం చూశాడు. గోడ మీద తట్టాడు.

"తౌనో గారూ, మీ దగ్గర చేపల కోసం చెరువు మంచుకు బెజ్జం వేసే బర్మా ఉందట కదా?" అంటూ వచ్చింది డెల్ఫీన్, ఊపిరి తీసుకోకుండా.

"ఎవరు చెప్పారు?"

"ఎవరూ చెప్పలేదు. మీ చేతులు చూస్తే తెలుస్తోంది. ఒకసారి ఇస్తారా?"

"ఎండాకాలం వస్తోంది కదమ్మాయ్. చెరువంతా కరిగిపోయింది."

"ముందుగానే నేర్చుకుందామని."

తౌనో నావైపు చూశాడు. నేను గోడ మీది గుండె బొమ్మ వైపు చూశాను. ఆయన ఇంటికి వచ్చి బర్మా తీసి, గుడ్డతో తుడిచి, కారులో పెట్టుకుని మళ్లీ వెళ్లి ఇచ్చి వచ్చాడు. ఆ రాత్రి అన్నం దగ్గర, కొన్ని నెలల తరవాత, ఆయన నోటి వెంట ఒక పూర్తి వాక్యం వచ్చింది: "ఆ పిల్లకు బర్మా ఏ వైపు తిప్పాలో కూడా తెలీదు."

గురువారం బర్మా తేవడానికి వెళ్లాడు. బర్మా ఇచ్చింది, పిడి ఇవ్వలేదు. పై గురువారం పిడి ఇచ్చి, లాంతరు అడిగింది. ఆయన తిట్టుకుంటూ వెళ్లేవాడు, తిట్టుకుంటూ వచ్చేవాడు. మధ్యలో ఆ చిన్న గదిలో గంటసేపు ఏం మాట్లాడేవాడో నాకు తెలియదు. నేను అడగలేదు, ఆయన చెప్పలేదు. తిట్టుకోవడానికి ఒక మనిషి దొరికింది కదా, అదే చాలనుకున్నాను.

అక్టోబరులో ఒక గురువారం ఆయన వెళ్లలేదు.

లాంతరు ఇంకా ఆమె దగ్గరే ఉంది. షెడ్డు గోడ మీద లాంతరు ఆకారం ఖాళీగా ఉంది. అయినా లేవలేదు. 

సాయంత్రానికి డెల్ఫీన్ కారు మా వాకిట్లో ఆగింది. లాంతరు తెచ్చింది, గాజు తేలేదు. "అయ్యో, గాజు..." అని మొదలుపెట్టబోతే నేను చెయ్యి పట్టుకుని ఆపాను.

"పెరట్లో ఆవిరిస్నానాల గదిలో ఉన్నాడు," అన్నాను. "రోజూ తుపాకీ తుడుస్తున్నాడు."

"వేట ఎప్పుడు మొదలు?"

"వచ్చే నెల. ఉర్హో లేకుండా వెళ్లనన్నాడు."

ఆమె లాంతరు కింద పెట్టింది. తౌనోను తనే పిలుచుకొచ్చి వంటింట్లో కూర్చోబెట్టింది. నేను ఏలకుల రొట్టె కోశాను. ఒక ముక్క తిని బాగుందంది. రెండో ముక్క తీసుకుంది. తరవాత, రొట్టెల పెనం అడిగేటప్పుడు ఏ గొంతుతో అడుగుతుందో ఆ గొంతుతోనే అడిగింది:

"తౌనో గారూ, చచ్చిపోవాలనుకుంటున్నారా?"

కత్తి రొట్టెలోనే ఆగిపోయింది. ఏడు నెలలుగా నేను అడగలేకపోయిన మాట అది. ఆమె కాఫీలో పంచదార అడిగినట్టు అడిగేసింది.

తౌనో బల్ల మీది రొట్టె పొడిని వేలితో ఒక దగ్గరికి చేర్చాడు. చేర్చాడు, చేర్చాడు.

"కొన్ని రోజులు," అన్నాడు.

"ఇవాళ?"

"ఇవాళ కూడా."

"అయితే ఆ తుపాకీ నాకు అరువివ్వండి."

"నీకు వేటొచ్చా?"

"రాదు."

"పట్టుకోవడమైనా వచ్చా?"

"అదీ రాదు."

"మరెందుకు?"

"మీ దగ్గర ఉండకూడదని."

 మా వైపు అరువడిగితే లేదనకూడదు. తౌనో లేచాడు.

"ఎప్పుడిస్తావు?"

"గురువారం."

"ఏ గురువారం?"

"అది ఎప్పుడైనా చెప్పానా?"

ఆయన ముక్కుతో ఒక చప్పుడు చేశాడు. నవ్వు కాదు గానీ నవ్వుకు పొరుగూరు. తూటాలన్నీ తీసేసి, ఖాళీ అయిందని రెండుసార్లు ఆమెకు చూపించి, పాత దుప్పటిలో చుట్టి ఇచ్చాడు. డెల్ఫీన్ దాన్ని పక్క తడిపిన పసిబిడ్డను ఎత్తుకున్నట్టు ఒంటికి దూరంగా పట్టుకుని కారు దాకా నడిచింది. ఎదురింటి అరుగు మీంచి ఆర్వో కేకేశాడు:

"ఏమ్మాయ్! ఈసారి జింకలక్కూడా గురువారమేనా?"

మర్నాడు పొద్దున్నే ఆమే వచ్చి తౌనోను పెద్దాసుపత్రికి తీసుకెళ్లింది. మందులు మొదలయ్యాయి. ఆర్వోకు ఏం చెప్పిందో గానీ, అతను రోజూ పేకముక్కలు పట్టుకుని మా ఇంటికి రావడం మొదలుపెట్టాడు. వాళ్ల ఆటలో దొంగాట తప్ప అసలు ఆట ఉండేది కాదు.

ఆ నవంబరంతా తౌనోకు ఒకటే పని. గురువారం పొద్దున్నే గడ్డం గీసుకుని వెళ్లి, "ఏం కొట్టావ్?" అని డెల్ఫీన్‌ను అడగడం. పాపం, అబద్ధాలాడటం కూడా ఆమెకు సరిగ్గా రాదు.

"ఒక జింక కనబడిందండీ. పెద్దది."

"కొట్టలేదా?"

"దగ్గుతోంది. జబ్బు జంతువును ఎలా కొడతాం?"

ఇంకో గురువారం జింక తన వైపు చూసి తల ఊపిందంది. ఇంకోసారి, అది ఆడదో మగదో తేల్చుకునేలోపు చీకటి పడిందంది. తౌనో ఇంటికి వచ్చి ఆ కబుర్లు నాకు చెప్పేవాడు. దగ్గే జింక దగ్గరికి వచ్చేసరికి ఆయనకు నవ్వాగలేదు. గోడ పట్టుకుని నవ్వాడు. నేను పొయ్యి వైపు తిరిగి నిలబడ్డాను.

ఆ తరవాత చాలా ఏళ్లు బతికాడు. తుపాకీ మళ్లీ అడగలేదు. షెడ్డు గోడ మీద దాని రెండు మేకులూ ఖాళీగానే ఉండేవి. ఆ ఖాళీ మాత్రం ఆయన్ను బాధపెట్టలేదు. మిగతా వస్తువులు పోతూ వస్తూ ఉండేవి. చివరికి ఊపిరితిత్తులు చెడి, ఈ శీతాకాలంలో, మంచంలోనే, నా చెయ్యి పట్టుకుని పోయాడు. పోయే ముందు ఒక మధ్యాహ్నం, మాట మాటకీ ఆగుతూ అన్నాడు:

"ఆ పిల్ల దగ్గర మన సామాను చాలా ఉంది."

"తెప్పిస్తానులే."

"వద్దు. అడగకు." కాసేపు ఊపిరి పీల్చుకున్నాడు. "ఒకేసారి తేవద్దన్నానని చెప్పు. ఒక్కొక్కటే తెమ్మను."

నాకు అర్థం కాలేదు. పనిముట్ల మీద పిచ్చి చావు దగ్గర కూడా వదల్లేదే అనుకున్నాను.

మట్టి చేసిన తరవాతి గురువారం డెల్ఫీన్ వచ్చింది. నిచ్చెన తెచ్చింది. నేను ఇంట్లో పొయ్యి వెలిగించడం మానేసి ఉన్నాను. కోటు వేసుకునే కూర్చుని ఉన్నాను. ఆమె నిచ్చెన గోడకు తగిలించి వచ్చి నా ఎదురుగా కూర్చుంది.

"సైమా గారూ, మీకు చచ్చిపోవాలని ఉందా?"

"లేదు," అన్నాను. "చావాలని లేదు. పొద్దున లేవాలనీ లేదు."

"ఏం తిన్నారు?"

"నిన్న తిన్నాను."

ఆమె లేచింది. కట్టెలు తెచ్చింది, పొయ్యి రాజేసింది. సరిగ్గా రాజేయలేదు, ఇల్లంతా పొగ. దగ్గుకుంటూ నేనే లేచి మళ్లీ రాజేయవలసి వచ్చింది.

వెళ్లబోతుంటే తౌనో చెప్పమన్న మాట చెప్పాను. పై గురువారం లాంతరు. ఆ పై గురువారం లాంతరు గాజు. తరవాత గొడ్డలి, తరవాత దాని తొడుగు. తుపాకీ మాత్రం తౌనో మేనల్లుడి చేతికి ఇప్పించమన్నాను, ఇప్పించింది. ఆమె వస్తుందని బుధవారాలు ఏలకుల రొట్టె చేయడం మొదలుపెట్టాను. రొట్టె చేయాలంటే పిండి కావాలి, పిండి కావాలంటే బజారుకు వెళ్లాలి, వెళ్తే ఆర్వో కనబడి ఏదో ఒకటి వాగుతాడు. ఎర్ర గీతలు ఒక్కొక్కటే నిండుతూ వచ్చాయి.

మొన్న గురువారం బర్మా తెచ్చింది. పిడితో సహా.

ఇద్దరం షెడ్డులో నిలబడి గోడ చూశాం. తుపాకీ మేకులు తప్ప అంతా నిండిపోయింది. తౌనో ఉంటే ఎంత సంతోషించేవాడో. నాకు మాత్రం ఒకటే ఆలోచన. వచ్చే గురువారం ఈమె ఏం పెట్టుకుని వస్తుంది?

వంటింట్లోకి వచ్చాం. ఆమె కాఫీ తాగలేదు, ఎప్పుడూ తాగదు, ఆమెకు పడదు. రొట్టె తింది. చేతి తొడుగులు వేసుకుంది. నేను జన్మలో ఎవరినీ ఏమీ అడిగినదాన్ని కాదు.

"డెల్ఫీన్," అన్నాను, "నీకు ఇంకేమీ అక్కర్లేదా?"

ఆమె గుమ్మం దగ్గర ఆగింది. వంటిల్లంతా కలయజూసింది, సంతలో బేరానికి వచ్చినట్టు.

"ఆ కాఫీ కెటిలు ఒకసారి ఇస్తారా?"

"నువ్వు కాఫీ తాగవుగా."

"చుట్టాలొస్తున్నారు."

"ఎప్పుడిస్తావు?"

"గురువారం ఇచ్చేస్తాను."

కెటిలు కడిగి, తుడిచి, చేతికిచ్చాను. ఆమె కారు దాకా వెళ్లి, వెనక సీట్లో పెట్టబోతూ లోపలికి తొంగి చూసి, మళ్లీ నావైపు తిరిగింది.

"సైమా గారూ, దీని మూతేదీ?"

మూత నా జేబులో ఉంది.

"అయ్యో," అన్నాను. "గురువారం రా, ఇచ్చేస్తాను."