మూలలు లేని కళ్ళం

చలికాలం సగానికి వచ్చేసరికి నంద్యాల బస్టాండు బయట ఆడవాళ్ళు పచ్చి శనగ చెట్లు కట్టలు కట్టి అమ్ముతారు. మొన్న సాయంత్రం బ్యాంకు నుంచి ఇంటికి వెళ్తూ ఒక కట్ట కొన్నాను. ఆటో కోసం నిలబడి కాయ ఒలిచి నోట్లో వేసుకుంటుంటే ఆకుల మీది పులుపు వేళ్ళకు అంటుకుంది. అంటుకున్నది వేళ్ళకు, దురద పెట్టింది మాత్రం పిక్కలు. జుట్టు నెరుస్తున్న బ్యాంకు మేనేజరమ్మ నడిరోడ్డు మీద చీర కాస్త ఎత్తి కాళ్ళు గోక్కుంటే చూసేవాళ్ళు ఏమనుకుంటారో నాకు తెలుసు. అయినా గోక్కున్నాను. ఆ దురద నాకు లక్ష్మక్క ఇచ్చి వెళ్ళింది.

లక్ష్మక్క మీకు తెలియదు. నంద్యాలలోనే ఇప్పుడు ఆమెను తెలిసినవాళ్ళు తక్కువ. గోస్పాడులో పెద్ద రైతు కుటుంబపు ఆడపడుచు. పెళ్ళయిన కొద్దికాలానికే భర్త పోతే పుట్టింటికి తిరిగొచ్చి, నంద్యాలలో మేం చదివే బడిలో డ్రిల్లు టీచరుగా చేరింది. చీర కుచ్చిళ్ళు పైకి దోపి, కింద మగవాళ్ళ కాన్వాసు బూట్లు వేసుకుని, మెడలో నల్లతాడుకు విజిల్ కట్టుకుని వచ్చేది. ఆ విజిల్ కంటే ఆమె గొంతే ఎక్కువ దూరం వినిపించేది. ట్రైనింగు కాలేజీలో ఉన్నప్పుడు ఒక్క ఏడాది ఫుట్‌బాల్ ఆడిందట. దాని గురించి ఆమె చెప్పే తీరు వింటే, మిగతా జీవితమంతా ఆ ఏడాదికి అటూ ఇటూ జరిగిన చిల్లర సంగతుల్లా అనిపించేది. బడిలో ఉన్న ఒక్క గ్రౌండూ మగపిల్లలది. ఆడపిల్లలకు ఫుట్‌బాల్ ఎందుకు, రింగు ఆట ఉంది కదా అన్నారు హెడ్మాస్టరు. లక్ష్మక్క ఆయనతో వాదించలేదు. మరుసటి ఆదివారం మమ్మల్ని గోస్పాడు బస్సెక్కించింది. కుందూ అమ్మాయిల ఫుట్‌బాల్ క్లబ్బు పుట్టింది ఆ బస్సులోనే అని మేం ఇప్పటికీ చెప్పుకుంటాం. క్లబ్బుకు కుందూ ఏటి పేరు పెట్టింది ఆమే.

నేను హాస్టల్లో ఉండి చదువుకునేదాన్ని. మా ఊరు గడివేముల దగ్గర. ఆదివారాలు నన్ను పంపించమని అడగడానికి లక్ష్మక్క ఎండలో మా ఇంటికి వచ్చింది. మా నాయన అరుగు మీద కూర్చోబెట్టి మజ్జిగ ఇప్పించి, మర్యాదగానే అడిగాడు.

"ఆడపిల్ల బంతి తంతే ఏమొస్తాదమ్మా?"

"ఏమీ రాదన్నా. ఆకలైతాది. అన్నం బాగా తింటాది."

నేను అప్పట్లో పుల్లలా ఉండేదాన్ని. అన్నం దగ్గర అమ్మతో రోజూ యుద్ధమే. నాయన నవ్వి, సరే అన్నాడు. ఆమె చెప్పినట్టే అయింది. ఆట అయ్యాక పెద్ద టిఫిను డబ్బాలో బొరుగుల ఉగ్గాని, బజ్జీలు తెచ్చేది లక్ష్మక్క. అన్ని చేతులూ ఒకేసారి డబ్బాలోకి వెళ్ళేవి. అంత రుచైన ఉగ్గాని నేను మళ్ళీ తినలేదు. బహుశా అంత ఆకలి మళ్ళీ వేయలేదేమో.

మేం ఆడిన చోటు వాళ్ళ కళ్ళం. వాళ్ళ నాయన కాలంలో పంట నూర్చడానికి చేసింది, ఊళ్ళోకెల్లా పెద్దది. పేడతో అలికి, రాతి గుండు దొర్లించి గట్టిపరిచిన నేల. కోత మిషన్లు వచ్చాక దానితో పని తగ్గిపోయి ఖాళీగా పడి ఉండేది. కళ్ళం అంటే తెలుసుగా, గుండ్రంగా ఉంటుంది. చుట్టూరా నల్లరేగడిలో శనగ చేను. ఆ చేను లక్ష్మక్క అన్న చెన్నకేశవన్నది. మంచివాడే, కానీ పైరు దగ్గర తమ్ముడని చూడడు, చెల్లెలని చూడడు. అందుకని లక్ష్మక్క మొదటి రోజే నియమం పెట్టింది. బంతి చేలోకి పోతే అందరూ ఉన్నచోటే ఆగిపోవాలి. తన్నిన పిల్ల ఒక్కతే సాళ్ళ మధ్య అడుగులో అడుగు వేసుకుంటూ వెళ్ళి తెచ్చుకోవాలి. తెచ్చాక గట్టు మీద కూర్చోవాలి, ఇంకొకతి తప్పు చేసేదాకా.

మాకు ఆ నియమం కొత్తగా నేర్పనక్కర్లేదు. మాలో ఎక్కువమంది రైతు ఇళ్ళ పిల్లలం. పైరు తొక్కకూడదన్నది నడక వచ్చినప్పుడే నేర్చుకున్నాం. పొద్దున్నే మంచుకు శనగాకు పులుపు ఊరి ఉంటుంది. సాళ్ళలోకి వెళ్ళొస్తే పిక్కలు మండిపోయేవి. ఆ మంటకు భయపడి, గట్టు మీద కూర్చోవడానికి సిగ్గుపడి, బంతిని మా మధ్యే తిప్పుకోవడం నేర్చాం. ఒకరి కాలు నుంచి ఇంకొకరి కాలికి, చిన్న చిన్న దూరాలు. మేం బ్రహ్మాండంగా ఆడుతున్నామని మా గట్టి నమ్మకం. చూసేవాళ్ళు లేకపోవడం వల్ల ఆ నమ్మకం చాలాకాలం నిలిచింది.

ఆళ్ళగడ్డలో అమ్మాయిల జట్టు ఒకటి ఉందని లక్ష్మక్కకు ఎవరో చెప్పారు. ఎక్కువగా శిల్పాలు చెక్కేవాళ్ళ పిల్లలు, కొందరు కాలేజీ అమ్మాయిలు. మ్యాచి ఖాయమయింది. బయల్దేరే ముందురోజు చెన్నకేశవన్న కళ్ళం దగ్గరికి వచ్చి, మా అందరి ముందే చెల్లెలికి చెప్పాడు.

"ఆడుకుంటాండారు, ఆడుకోనీ. ఆళ్ళగడ్డకు పోయి పరువు పోగొట్టుకోనొస్తిరా, కళ్ళం దున్నిచ్చి శనగ ఏస్తా."

లక్ష్మక్క సరే అంది. మాకు మాత్రం రాత్రి నిద్ర పట్టలేదు. కళ్ళం పోతే ఇంకెక్కడా చోటు లేదని చిన్నపిల్లలకు కూడా తెలుసు.

ఆళ్ళగడ్డ గ్రౌండు రోడ్డు పక్కనే. అవతల వరసగా షెడ్లు, సగం చెక్కిన విగ్రహాలు, ఆగకుండా ఉలి చప్పుడు. ఆటగాళ్ళ కాళ్ళు పడి గ్రౌండు నడిమధ్య బోడిగా ఉంది. నాలుగు మూలల్లో మాత్రం వానలకు గడ్డి మోకాలి దాకా పెరిగి పచ్చగా ఉంది. మొదట్లో మేం బాగానే ఆడాం. మా చిన్న చిన్న తన్నుళ్ళకు వాళ్ళు తికమకపడ్డారు, మొదటి గోలు మాదే. తర్వాత వాళ్ళలో ఒకమ్మాయి బంతిని మూలకు తన్నింది. బంతి గడ్డిలోకి వెళ్ళింది. మేమందరం ఆగిపోయాం.

ఎవరూ ఆగమనలేదు. విజిల్ వేయలేదు. పచ్చదనం మొదలైన చోట మా కాళ్ళు వాటంతట అవే ఆగిపోయాయి, అంతే. ఆ అమ్మాయి గడ్డిలోకి దూసుకుపోయి, బంతిని మధ్యలోకి తన్నింది, వాళ్ళు గోలు కొట్టుకున్నారు. మేం ఒకరి మొహం ఒకరు చూసుకున్నాం. కిటుకు దొరికాక వాళ్ళు వదులుతారా? ప్రతిసారీ మూలకు తన్నడమే. నేను ఆ పక్క ఆడేదాన్ని. వెళ్ళాలని తెలుసు, ఇది పైరు కాదు గడ్డి అని తెలుసు, అయినా అంచు దగ్గరికి వచ్చేసరికి అడుగు తడబడేది. వాళ్ళ గోల్‌కీపరు, గట్టి చేతుల పిల్ల, పని లేక గోలు స్తంభానికి ఆనుకుని షెడ్ల వైపు చూస్తూ నిలబడింది. ఎన్ని గోల్సు తిన్నామో రాయను. ఇన్నేళ్ళయినా సిగ్గే.

తిరుగు బస్సులో అందరం ఏడ్చాం. లక్ష్మక్క కిటికీ పక్కన కూర్చుంది. ఊరు దాటాక వెనక్కి తిరిగింది.

"గమ్మునుండండి. తప్పు మీది కాదు. పైరు తొక్కొద్దని నేర్పింది నేను. పచ్చగుండేదంతా పైరే అనుకున్యాయి మీ కాళ్ళు."

ఇక కళ్ళం పోయినట్టే అని నేను అన్నాను.

తర్వాతి ఆదివారం భయపడుతూ గోస్పాడు వెళ్ళాం. గట్టు దగ్గర ట్రాక్టరు నిలబడి ఉంది, వెనక నాగలి తగిలించి. లక్ష్మక్క కళ్ళానికి ఒక మూల, అంటే మూల ఉండాల్సిన చోట, వంగి శనగ చెట్లు పీకుతోంది. పూత మీద ఉన్న చెట్లు. ఇంకో మూల అప్పటికే అయిపోయింది, పీకిన చెట్లు కుప్పగా వేసి ఉన్నాయి. రైతు బిడ్డ నిలువు పైరు పీకడం నేను అంతకుముందు చూడలేదు, తర్వాతా చూడలేదు. చెన్నకేశవన్న ట్రాక్టరు దిగి పరుగున వచ్చాడు.

"పైరు పీకుతాండావా? పిచ్చి పట్టిందా ఏందీ?"

ఆమె నడుం నిటారుగా చేసి నిలబడింది. చేతుల నిండా మట్టి.

"నాయన పోయినాక చీర పెట్టి, భాగం వద్దనే కాయితం ముందర పెడితివి. సంతకం పెట్టినా. ఏమన్నా అడిగితినా అన్నా?"

"ఇప్పుడేం కావాల నీకు?"

"నాలుగు మూలలు. భాగం మాట ఎత్తను. కళ్ళం, దానికి నాలుగు మూలలు. అంతే నాకు."

ఆయన కుప్ప వైపు చూశాడు, మా వైపు చూశాడు. ఒక చెట్టు చేతిలోకి తీసుకుని పూత చూసి మళ్ళీ కింద పెట్టాడు. ట్రాక్టరెక్కి వెళ్ళిపోయాడు. పంట ఇంటికొచ్చేదాకా చెల్లెలితో మాట్లాడలేదట. కానీ మరుసటి ఏడు విత్తనాలప్పుడు ఆ నాలుగు మూలలూ వదిలేసి విత్తించాడు. మేం పేడ తెచ్చి అలికాం, రాతి గుండు దొర్లించాం. గుండ్రటి కళ్ళానికి మూలలొచ్చాయి. తర్వాత ఆ మూలల్లో మొలిచిన గడ్డిని లక్ష్మక్క పీకనివ్వకుండా, వారానికోసారి మమ్మల్ని అందులోకే పరిగెత్తించేది. మొదట్లో ఒకతి ఆగేది, ఇంకొకతి పక్కకు తప్పుకునేది. కాళ్ళకు నేర్పినది మాన్పించడం మాటలు కాదు.

మళ్ళీ చలికాలంలో ఆళ్ళగడ్డ వెళ్ళాం. ఆట చివర్లో, వాళ్ళు ఒక గోలు ముందున్నప్పుడు, బంతి నా పక్క మూలకు దొర్లింది. అంచు దగ్గర నా కాళ్ళు ఒక్క క్షణం ఆగాయి. గీత బయట నుంచి లక్ష్మక్క గొంతు వినిపించింది. అరవలేదు, ఇంట్లో పిలిచినట్టు అంది.

"పో అమ్మీ. అది నీదే."

వెళ్ళాను. గడ్డి పిక్కలకు తగిలింది, మండలేదు. బంతిని మధ్యలోకి తన్నాను, మా పిల్ల తల పెట్టి గోలు కొట్టింది. గెలవలేదు, సమానంగా వచ్చాం. కానీ ఆ రోజు ఏడ్చినంత సంతోషంగా నేను మళ్ళీ ఏడవలేదు. బస్సెక్కేటప్పుడు చూస్తే, షెడ్ల దగ్గర చెన్నకేశవన్న ఒక విగ్రహాన్ని బేరమాడుతున్నట్టు నిలబడి ఉన్నాడు. ఆయన ఏ విగ్రహమూ కొనలేదు.

లక్ష్మక్క పోయి కొన్నేళ్ళయింది. ఆమె తర్వాత చెన్నకేశవన్న, ఆయన తర్వాత ఆ కళ్ళం కూడా పోయాయి. నోటిమాట మీద ఇచ్చినది, కొడుకులు ప్లాట్లు వేసుకున్నారు. వాళ్ళను తప్పు పట్టలేను. క్లబ్బు నా చేతికొచ్చింది. పిల్లలను వెంటబెట్టుకుని కనబడిన ప్రతి గ్రౌండు దగ్గరా, మగపిల్లలు ఆడి వెళ్ళేదాకా గోడ పక్కన కూర్చునేవాళ్ళం. ఇక ఆపేద్దామా అని చాలాసార్లు అనుకున్నాను.

ఆ రోజుల్లోనే మా నాయన పొలం పంచడానికి అందరినీ కూర్చోబెట్టాడు. నాకు భాగం వద్దని రాసిన కాగితం మా అన్న నా ముందు పెట్టాడు. మా ఇళ్ళలో అదేమీ వింత కాదు, ఆడపిల్ల సంతకం పెడుతుంది, పుట్టింటికి వస్తూ పోతూ ఉంటుంది. నేను పెన్ను తీశాను కూడా. కాగితం మీద పెట్టేసరికి చెయ్యి ఆగిపోయింది. ఆ ఆగడం నాకు తెలుసు. ఆళ్ళగడ్డ గ్రౌండులో పచ్చగడ్డి అంచున నా కాళ్ళు ఆగిన తీరే అది. పక్కనుంచి చెప్పడానికి ఇప్పుడు ఎవరూ లేరు. పెన్ను మూసేశాను.

"నాకు రోడ్డు పక్క చేను కావాల, అన్నా."

అన్న కాగితం వెనక్కి తీసుకుని మడిచాడు.

"నువ్వడుగుతావని అనుకోలే."

"నేనూ అనుకోలే" అన్నాను. అది నిజం.

అన్న ఏడాది పాటు నాతో సరిగ్గా మాట్లాడలేదు. ఇప్పుడిప్పుడే మాట్లాడుతున్నాడు. ఆ చేలో ఇప్పుడు గడివేముల, గోస్పాడు, నంద్యాల పిల్లలు ఆడుతున్నారు. దాన్ని పట్టాలో నా పేరు మీద రాయించుకున్నాను, నోటిమాట మీద ఉంచలేదు. లక్ష్మక్క చూడలేదే అని ప్రతి ఆదివారం బాధగా ఉంటుంది. ఆమె తన భాగం వదిలేసి నాలుగు మూలలడిగింది. నేను భాగమంతా అడిగాను. అంత దూరం వెళ్ళడం నాకు ఆమె నేర్పిందే.