కెమెరాలో ముత్తమ్మ

ఉద్యోగ విరమణకు రెండేళ్ల ముందు, మార్చి నెలలో, దమ్మపేట వైపు అడవి అంచున అటవీ శాఖ సెక్షన్ ఆఫీసరుగా చేరాను. రేంజరుకు కింద, బీట్ ఆఫీసర్లకు పైన. రెండు వైపుల నుంచీ తిట్లు తినే హోదా.

అది ఇప్పపూల కాలం. ఏ ఇంటి చెట్లు ఆ ఇంటివే; కాగితం ఉండదు, కట్టుబాటే. రాలిన పూలు కనబడాలని కొందరు చెట్ల కింద ఆకులు తగలబెడతారు. ఆ ఏడు అలాంటి మంట ఒకటి చేయిదాటి ఊరివాళ్ల చెట్లను మాడ్చేసింది. ముత్తమ్మ అనే ఆమె చెట్లు మాత్రం మిగిలాయి.

జంతువుల కోసం బాట పక్కన కట్టిన కెమెరా కార్డు తీసి చూశాను. మంట రేగిన తేదీన ఒకే మనిషి, గంపతో ఒక ఆడమనిషి. ఎవరో తెలియక ఊళ్లో మొదట ఎదురైన బుచ్చయ్యకు ఫోన్‌లో చూపించాను.

"మా పక్కింటి ముత్తమ్మ సారూ. ఎప్పుడు పోతది, ఎప్పుడొస్తది, దడి సందులకెల్లి రోజూ సూస్తనే ఉంట."

దాన్ని సాక్ష్యంగా రాసుకున్నాను. పక్కింటి మీద రోజూ కన్నేసి ఉంచేవాడి సంగతేమిటని తోచలేదు. నా బుద్ధి గడ్డి తిన్నది. ఆ రోజు అడవికే పోలేదని ముత్తమ్మ మొత్తుకున్నా కేసు కట్టాను. మొగుడు లేని మనిషి, ఆ పూల మీదే బతుకు. ఊరివాళ్లు ఆమెను తన చెట్ల దగ్గరికి రానివ్వలేదు.

నెల తర్వాత కోర్టు కాగితాల కోసం కార్డు మొదటి నుంచి చూశాను. మొదటి ఫోటో నాదే, కెమెరా బిగిస్తూ. నా డైరీలో అది సోమవారం, ఫోటో మీద గురువారం. బ్యాటరీలు మార్చాక తేదీ సరిచేయలేదు. ఆ పని నాదే. ముత్తమ్మ ఆ బాటన నడిచింది మంటకు మూడు రోజుల ముందు.

రేంజరుకు రాసి కేసు ఎత్తివేయించాను. ఊళ్లో అందరినీ కూర్చోబెట్టి తప్పు నాదని చెప్పాను.

"నిప్పు లేంది పొగొస్తదా సారూ? ఫోటోల ఉన్నది ఆమెనే గద!" అన్నాడు బుచ్చయ్య. అందరూ తలలూపారు.

ముత్తమ్మ నన్ను ఒకటే అడిగింది. "కేసు పోయింది, సరే. నా చెట్ల కాడికి వీళ్లు నన్ను రానిస్తరా?"

వానలకు ముందే ఆమె ఇంటికి తడిక కట్టి వేంసూరు వైపు కూలికి పోయింది. మళ్లీ రాలేదు. మరుసటి మార్చిలో ఆమె చెట్ల కింద బుచ్చయ్య ఇంటివాళ్లు పూలేరుతున్నారు. నన్ను చూసి నమస్తే పెట్టారు.

కార్డు తెరిస్తే ముందు తేదీ సరిచూడాలి. మనిషి ఫోటోను పక్కింటివాళ్లకు చూపకూడదు. ఈ రెండూ నేను నేర్చుకునేసరికి ముత్తమ్మ బతుకు తెల్లారిపోయింది.