ఏటవాలు గెడ కోసం కొల్లేటి ప్రయాణం

నేను తీసిన ఫోటో ఒకావిడకు నచ్చలేదు. అందుకని రెండోసారి కొల్లేరు వెళ్ళాను.

నెల కిందట పక్షుల్ని చూడటానికి వెళ్ళి, పెద్దిరాజు గారనే ఆయన తాటి దోనెలో గంటన్నర తిరిగాను. దిగేముందు ఆయనకొక ఫోటో తీసి, పెద్ద ప్రింటు వేయించి పోస్టులో పంపాను. నాలుగో రోజున ఆయన భార్య మంగమ్మ గారు ఫోన్ చేశారు.

“ఏవండీ, ఏమనుకోకండి. ఫోటో బాగానే ఉందండి. దండ ఒక్కటే తక్కువండి.”

ఆవిడే అసలు సంగతి చెప్పారు. పెద్దిరాజు గారి మోకాళ్ళు అరిగిపోయాయట, గెడ వేసి దోనె తొయ్యడం మానెయ్యమని డాక్టరు చెప్పాడట. శనివారం దోనెను ఒడ్డుకు లాగేస్తారు. తాటి దోనె ఒడ్డెక్కి ఎండిందంటే పగులిస్తుంది, ఇక నీళ్ళకు పనికిరాదు. “ముప్పయ్యేళ్ళు గెడేశారండి ఈయన. అది కనపడేలా ఒక్కటి తియ్యండి. ఆదివారం నుంచి చేపల చెరువు కాపలాకి వెళ్ళిపోతారు.”

ఆ ఫోటో కాపీ పట్టుకుని, మా తాడేపల్లిగూడెంలోనే స్టూడియో నడిపే మిత్రుడు దానియేలు దగ్గరికి వెళ్ళాను. నేను డ్రెయినేజీ శాఖలో ముప్పైనాలుగేళ్ళు డ్రాఫ్ట్స్‌మన్‌గా పనిచేసినవాణ్ణి. గీత వంకర పోతే కాగితం మార్చేసేవాణ్ణి. దానియేలు ఫోటో మీద స్కేలు పెట్టి చూపించాడు. నీటి అంచు, దోనె అంచు, వెనకాల చెరువు గట్టు, ఒళ్ళో పెట్టుకున్న గెడ, నాలుగూ అడ్డంగా, సమానంగా ఉన్నాయి.

“గీతలన్నీ పడుకున్నాయి గురువుగారూ. వాటితోపాటు మనిషిని కూడా పడుకోబెట్టేశారు.”

తర్వాత ప్రింట్లు కోసే కత్తెర తీశాడు. “మూసుంటే ఇది ఇనప ముక్క. ఇదిగో, తెరిచాను. ఏదో జరగబోతున్నట్టు లేదూ? ఒక గీత ఇటు లాగాలండి, ఇంకోటి అటు లాగాలి. మధ్యలో మనిషుండాలి. అప్పుడు చూసేవాడి కన్ను ఊరుకోదు.”

శుక్రవారం ఉదయం 6.05కు స్టేషను చేరాను. 6.20 ప్యాసింజరు 6.40కి వచ్చింది. కిటికీ పక్క సీటు దొరికింది. దారి పొడుగునా కత్తెరలు వెతుక్కుంటూ కూర్చున్నాను. చేల గట్లు ఒక వైపు పోతుంటే కరెంటు తీగలు వాటికి అడ్డం వస్తున్నాయి. ఉంగుటూరు దాటాక, గాలికి వాలిపోయిన కొబ్బరిచెట్టు ఒకటి నిటారుగా ఉన్న స్తంభం ముందుకు వచ్చి, క్షణంలో వెళ్ళిపోయింది. ఆ క్షణంలో నా మెడ కూడా వాలింది.

“మెడ పట్టేసిందాండీ?” అని ఎదుటి సీటు ఆవిడ అడిగింది. ద్వారకా తిరుమల మొక్కు తీర్చుకోవడానికి వెళ్తున్నారట, మనవరాలికి పుట్టువెంట్రుకలు.

“లేదండి, వంకరగా చూడటం నేర్చుకుంటున్నాను.”

“ఈ వయసులో ఎందుకండీ అవన్నీ?” అని నవ్వి, భీమడోలులో దిగేటప్పుడు నా చేతిలో ఒక అరటిపండు పెట్టింది.

7.50కి ఏలూరు. బస్టాండు బయట ఇడ్లీ తిని, 8.20కి కైకలూరు వైపు వెళ్ళే బస్సు ఎక్కాను. ఊరు దాటిన కాసేపటికి రోడ్డుకు రెండు వైపులా చేపల చెరువులు, వాటి మధ్య గట్లు, దూరంగా నీళ్ళను కప్పేసిన గుర్రపుడెక్క పచ్చదనం. ఇదంతా నేను ప్లాన్ల మీద ఎన్నోసార్లు గీసిన నేలే. గీసేటప్పుడు ఇందులో ఒక్క మనిషిని కూడా పెట్టలేదని ఆ బస్సులో తోచింది.

9.15కి దిగేసరికి మంగమ్మ గారు గట్టు మీద నిలబడి ఉన్నారు. పెద్దిరాజు గారు అప్పటికే దోనెలో ఉన్నారు. ఇస్త్రీ చేసిన తెల్లచొక్కా, మెడదాకా బొత్తాలు. గెడ కాళ్ళ దగ్గర పడుకోబెట్టి, చేతులు కట్టుకుని నిలబడ్డారు.

“గెడ పట్టుకోండి” అన్నాను.

“పని సామాను పట్టుకుని ఫోటో ఏంటండీ? మర్యాదగా ఉండొద్దా?”

బతిమాలితే పట్టుకున్నారు. నిటారుగా నిలబెట్టి, దాని పక్కనే తనూ బిగుసుకుపోయారు.

“ఏవయ్యా, జెండా పండగా?” అని గట్టు మీంచి మంగమ్మ గారు. “కూసింత వంగు!”

వంగారు. నడుం నొప్పి వచ్చినవాడు వంగినట్టు ఉంది. పది ఫోటోలు తీశాను. పదీ దండకు సిద్ధంగానే ఉన్నాయి.

ఇంతలో దక్షిణం నుంచి గాలి లేచింది. గుర్రపుడెక్క చాపలాగా కదిలి, దోనె ఒడ్డుకు వచ్చే సన్నటి దారిని మూసెయ్యబోయింది. పెద్దిరాజు గారు నన్నూ కెమెరానూ మరిచిపోయారు. చొక్కా చేతులు పైకి లాగి, గెడ బురదలోకి దించి, ఒళ్ళంతా దాని మీద వేసి తోశారు. గెడ ఒక వైపు వాలింది, మనిషి రెండో వైపు వాలాడు. అదే, దానియేలు కత్తెర.

నా కెమెరా తెర మీద మట్టం చూపించే గీత ఒకటుంది. కెమెరా సమంగా ఉంటే అది ఆకుపచ్చగా మారుతుంది. అది మారాకే మీట నొక్కడం నాకు అలవాటు. మారేదాకా ఆగాను. ఈలోపు తోపు అయిపోయింది.

“పడిందాండీ?” అని మంగమ్మ గారు అడిగారు.

“మట్టం చూసుకుంటున్నానండి...”

మంగమ్మ గారు నా పక్కకు వచ్చి నిలబడ్డారు. “నీళ్ళు ఎప్పుడూ మట్టంగానే ఉంటాయండి, ఎక్కడికీ పోవు. మీరు ఆయన్ని చూడండి.”

పెద్దిరాజు గారు దోనెలో కూలబడి మోకాలు రుద్దుకుంటున్నారు. తప్పు నాదే. చాలండి, వచ్చెయ్యండి అన్నాను.

“రావాలన్నా ఇంకో పోటు వెయ్యాలి కదండీ” అంటూ లేచారు.

నేను ఆ ఆకుపచ్చ గీతను ఆపేశాను. ఆయన గెడ దించగానే ఒక్క అడుగు ముందుకు వేశాను. గట్టు మీద తడి బంకమన్నుకు కాలు జారింది. కెమెరా ఒరిగింది. మీట నొక్కేశాను.

పడలేదు, కూర్చుండిపోయానంతే. ఫోటో మాత్రం పడింది. గెడ పై మూల నుంచి కింది మూలకు, దానికి ఎదురుగా ఆయన ఒళ్ళు, ముక్కు తిప్పుకుంటున్న దోనె మూడో దిక్కుకు. అన్నిటి వెనకా చెరువు గట్టు, అదీ ఒక పక్కకు దిగిపోయి ఉంది.

మంగమ్మ గారు తెర మీద చాలాసేపు చూశారు. “పెద్దది చెయ్యండి” అన్నారు. చేశాను. “ఆ మోకాలు చూడండి. నొప్పి కూడా పడిందండి.” కొంగుతో తెర తుడిచి, ఒడ్డు చేరిన ఆయనకు చూపించారు.

“నీళ్ళు ఒలికిపోతున్నట్టున్నాయేంటే?” అన్నారు పెద్దిరాజు గారు.

“ఇంటికెళ్ళాక సరిచేస్తానండి” అన్నాను.

“వద్దండి!” అన్నారు మంగమ్మ గారు. “గోడ మీద వంకరనిపిస్తే మేకు నేనే సరిచేసుకుంటాను. మీరు మాత్రం ముట్టుకోకండి.”

కొర్రమీను పులుసుతో అన్నం పెట్టారు. 12.40 బస్సుకు బయల్దేరేటప్పటికి పెద్దిరాజు గారు దోనెలోని నీళ్ళు తోడి, లోపలంతా తడిగుడ్డతో తుడుస్తున్నారు. అదే దోనె రేపు ఒడ్డెక్కుతుంది.

2.30కి ఏలూరులో రైలు. పవరుపేట దాటాక ఫోటోను ఫోన్‌లోకి దించి చూసుకున్నాను. నా వేలు దానంతటదే, ఫోటోలో వంకర సరిచేసే గుర్తు మీదికి పోయింది. నీటి అంచు మట్టానికి వచ్చింది. దాంతోపాటు గెడ లేచి నిలబడింది, ఒళ్ళు బరువు పోయింది, పెద్దిరాజు గారు బస్సు కోసం నిలబడ్డ మనిషిలా అయ్యారు. వెంటనే వెనక్కి తిప్పేశాను. నీళ్ళు మళ్ళీ ఒలికాయి, ఆయన మళ్ళీ తోశారు.

ఈ దారిలో వెళ్ళేవారు తెల్లవారుజామునే బయల్దేరండి, గాలి లేచేదాకా ఉండండి. గట్టు మీద జారని చెప్పులు వేసుకోండి. నేనైతే మళ్ళీ ఆ జారే పాత చెప్పులే వేసుకుంటానేమో. డైరీలో ఇదంతా భీమడోలు, ఉంగుటూరు మధ్య రాశాను. రైలు కుదుపులకు నా గీతలెప్పుడూ లేనంత వంకరగా పోయాయి. కాగితం మార్చలేదు.

ప్రింటు సోమవారం పోస్టులో వేస్తాను. మేకు సంగతి మంగమ్మ గారు చూసుకుంటారు.